పుదుచ్చేరిలో విద్య – వర్ణభేదము

పరాసువారి యేలుబడిలో పుదుచ్చేరి పట్టణమును ఒక కాలువ రెండుగా విభజించెను. కడలివైపు తెల్లవారి పేట, పడమట నల్లవారి పేట. వాని పేర్లే అట్టివి. 1827 మే 16వ తేదీన గవర్నరు రిష్మోఁ ఇచట గ్రంథాలయము నెలకొల్పెను. నేడది రోమా రోలా పేర వెలయుచున్నది. గ్రంథములకు వర్ణభేదము లేకున్నను పాఠకులకు కలదు! తొలుత ఐరోపావారికే ప్రవేశము. భారతీయులకు ద్వారము తెరచుటకు పదియేండ్లు పట్టెను.

ఆ విద్య యెంత పదునైనదో పొన్నుతంబి పిళ్ళై నిరూపించెను. ఆయన న్యాయవాది. 1873లో ఐరోపా పద్ధతి బూట్లు తొడిగి న్యాయస్థానమున కేగగా న్యాయాధిపతి అడ్డగించెను. తెల్లవాని కాలికి మర్యాదయైనది దేశీయుని కాలికి ధిక్కారమాయెను కాబోలు. పిళ్ళై తాను నేర్చిన పాలకుల చట్టమునే ఆధారముగా గైకొని పారిసు నందలి అత్యున్నత న్యాయస్థానము వరకు వ్యాజ్యము నడపి గెలిచెను.

1881లో స్వీయాచార ధర్మమును త్యజించినవారికి ఫ్రెంచి పౌరస్మృతి వర్తించునని శాసనమాయెను. సమానత్వమునకు అది చాల ప్రియమైన మూల్యమే. పిళ్ళై దానిని చెల్లించి, ద్వారమను అర్థముగల ‘లాపోర్తు’ అను ఇంటిపేరు స్వీకరించెను. అయినను 1884లో వోటరుల జాబితాలు మూడుగా విభజింపబడినపుడు, అట్లు త్యజించినవారిని ఐరోపావారితో గలుపక వేరు జాబితాలోనే యుంచిరి.