మణికట్టు మీది లెక్క

కోటగిరి నుంచి బోధన్ ఎంత దూరం? జవాబు చెప్పే మనిషి వయసును బట్టి మారుతుంది. పాతతరం వాళ్లయితే కోసుల్లో చెప్తారు. నడివయసు వాళ్లు బస్సు ఎంతసేపట్లో పోతుందో చెప్తారు. చేతికి బ్యాండ్ కట్టుకున్న కుర్రవాడు అడుగుల్లో చెప్పగలడు, కిలోమీటరుకు సుమారు 1,300 చొప్పున. దూరం అదే. మారింది కొలత, ఆ కొలతను ఎవరు చేస్తున్నారన్న సంగతీ.

ఇప్పుడు నిజామాబాద్‌లో ఏ సెల్‌ఫోన్ దుకాణం ముందు నిలబడినా అద్దాల వెనక వరసగా బ్యాండ్లు, స్మార్ట్ వాచీలు కనిపిస్తాయి. అడుగులు, గుండె వేగం, నిద్ర, కేలరీలు, రక్తంలో ఆక్సిజన్ అన్నీ చూపిస్తామంటాయి. ఏది కొనాలి అని అడిగితే బ్యాటరీ గురించీ తెర సైజు గురించీ చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ ఈ అంకెల్లో ప్రతిదానికీ ఒక పుట్టుక ఉంది. దేన్ని ఎంతవరకు నమ్మాలో ఆ పుట్టుకను చూస్తే తెలుస్తుంది. విచిత్రమేమిటంటే ఆ కథల్లో కొన్ని మన నేల మీదుగానే నడిచాయి.

*

మన భాషలో కొలతలన్నీ ఒకప్పుడు ఒంటి మీదే ఉండేవి. బెత్తెడు, జానెడు, మూరెడు, బారెడు, అడుగు. పూలమ్మే ఆమె మూర ఇప్పటికీ ఆమె మోచేయే. మనిషి తన శరీరంతో లోకాన్ని కొలిచాడు. ఒకరి మూర ఇంకొకరి మూరకు సరిపోకపోతే బేరం ఉండేది, తగువు ఉండేది. అంతేగానీ కొలిచే శరీరం ఎవరిదో అందరికీ తెలుసు.

19వ శతాబ్దంలో ఈ తీరు మారింది. విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వే, 78వ రేఖాంశాన్ని ఆనుకుని ఉత్తరానికి కదిలింది. ఆ రేఖ బోధన్‌కూ నిజామాబాద్‌కూ మధ్యగా పోతుంది. 1818లో లాంబ్టన్‌కు సహాయకుడిగా హైదరాబాద్ వచ్చిన యువ అధికారి పేరు జార్జ్ ఎవరెస్ట్. తర్వాత హిమాలయ శిఖరానికి పెట్టింది ఆయన పేరే. 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఆ శిఖరం ఎక్కిన మాలావత్ పూర్ణది ఈ నిజామాబాద్ జిల్లాలోని పాకాల.

ఆ సర్వే గొలుసులతో, థియోడొలైట్లతో నడిచింది. కానీ టిబెట్‌లోకి తెల్లవాళ్లకు ప్రవేశం లేదు. అక్కడికి పరికరాలు మోసుకుపోతే పట్టుబడతారు. అందుకని మాంట్‌గమరీ అనే అధికారి, కుమావూ ప్రాంతపు బడిపంతులు నైన్ సింగ్ రావత్ లాంటి వాళ్లకు తర్ఫీదు ఇప్పించాడు. ఎత్తయినా పల్లమైనా ఒకే కొలత అడుగు వేయాలి. రెండు వేల అడుగులకు ఒక మైలు. చేతిలో జపమాల. మామూలు మాలకు 108 పూసలుంటాయి, ఈ మాలకు మాత్రం 100. నూరు అడుగులకు ఒక పూస జరపాలి. చూసేవాళ్లకు భక్తుడు, నిజానికి సర్వేయరు. 1865-66లో ఆయన ఖాట్మండు నుంచి లాసా దాకా ఇలాగే కొలుచుకుంటూ పోయాడు.

ఒక్క లెక్క వేసి చూడండి. నూరు పూసలు, పూసకు నూరు అడుగులు. మాల ఒక చుట్టు తిరిగితే పది వేల అడుగులు. ఇవాళ మన బ్యాండ్ రోజూ సాధించమని చెప్పేది కచ్చితంగా ఆ సంఖ్యే.

అది యాదృచ్ఛికమే. కానీ నైన్ సింగ్ దగ్గర గమనించాల్సింది ఇంకోటి ఉంది. నడిచింది ఆయన. లెక్కపెట్టింది ఆయన. పటం మాత్రం సామ్రాజ్యానిది. అయితే తను ఎవరి కోసం లెక్కపెడుతున్నాడో ఆయనకు తెలుసు.

2018 జనవరిలో ఇదే కథ ఇంకో రూపంలో బయటపడింది. స్ట్రావా అనే యాప్ తన వాడకందార్లు పరిగెత్తిన, సైకిల్ తొక్కిన దారులన్నీ కలిపి ఒక ప్రపంచ పటం వేసింది. ఎడారుల్లో, జనం లేని చోట్ల కొన్ని వెలుగు గీతలు కనిపించాయి. అవి సైనిక స్థావరాలు. చేతికి ట్రాకర్ కట్టుకుని పొద్దున్నే జాగింగ్ చేసిన సైనికులే వాటి పటం గీసిపెట్టారు. నైన్ సింగ్‌కు తెలిసిన సంగతి వాళ్లకు తెలియదు. తేడా అంతే.

*

ఇంతకీ పది వేలు ఎక్కడి నుంచి వచ్చింది? డాక్టర్లు చెప్పింది కాదు. 1964లో టోక్యో ఒలింపిక్స్ జరిగాయి. ఆ ఊపులో 1965లో యమాసా అనే జపాన్ కంపెనీ నడుముకు తగిలించుకునే అడుగుల మీటరు ఒకటి అమ్మింది. దాని పేరు మాంపో-కెయ్, అంటే పది వేల అడుగుల మీటరు. గుండ్రటి సంఖ్య, పలకడానికి బాగుంది, పేరుగా నిలిచింది. తర్వాత పేరే లక్ష్యమైంది.

2019లో హార్వర్డ్‌కు చెందిన ఐ-మిన్ లీ బృందం సగటున 72 ఏళ్ల వయసున్న మహిళల మీద అధ్యయనం ప్రచురించింది. రోజుకు 2,700 అడుగులు నడిచేవాళ్లతో పోలిస్తే 4,400 నడిచేవాళ్లలోనే మరణాలు బాగా తగ్గాయి. 7,500 దాటాక అదనపు లాభం కనిపించలేదు. అంటే పది వేలు చేరని రోజు ఓడిపోయిన రోజేమీ కాదు.

ఇంకో ప్రశ్న ఉంది. ఈ యంత్రం దేన్ని అడుగు అంటుంది? బ్యాండ్ లోపలి చిన్న సెన్సర్ చేతి కదలికను మూడు దిక్కుల్లో చూస్తుంది. నడకకు ఉండే ఊపు లయగా కనబడితే ఒక అడుగు వేస్తుంది. అది చూసేది చేతిని, కాలిని కాదు. అందుకే తోపుడుబండి తోసేవాడి అడుగులు తగ్గిపోతాయి. నెత్తి మీద మూట పెట్టుకుని ఒక చేత్తో పట్టుకుని నడిచే ఆమెవీ అంతే.

నిజామాబాద్ జిల్లాలో బీడీలు చుట్టే ఆడవాళ్లను తలచుకోండి. ఒళ్లో చాట, పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా కూర్చునే పని. మెడ పట్టేస్తుంది, వేళ్లు అరిగిపోతాయి. వాళ్ల రోజుకు లెక్క ఉంది, వెయ్యి బీడీలకు ఇంత అని. బ్యాండ్ లెక్కలో మాత్రం ఆ రోజు సున్నాకు దగ్గర. చెరకు నరికే చెయ్యి ఎంత ఊగినా దాన్ని ఏమని రాసుకోవాలో ఆ యంత్రానికి తెలియదు. దాన్ని తయారుచేసినవాళ్ల మనసులో ఉన్న మనిషి పగలంతా కుర్చీలో కూర్చుని, సాయంత్రం పార్కులో నడిచే మనిషి. మీరు ఆ మనిషే అయితే అది మీకు పనికొస్తుంది. కాకపోతే అది మిమ్మల్ని బద్ధకస్తులని అంటుంది. నమ్మక్కర్లేదు.

*

శ్రమను లెక్కలో చేర్చిన సంస్థ ఒకటి మన దగ్గరే ఉంది. 1918లో కూనూర్‌లో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి జబ్బు మీద మొదలుపెట్టిన చిన్న పరిశోధనే పెరిగి పెరిగి 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. అదే తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. మనిషికి రోజుకు ఎన్ని కేలరీలు కావాలన్న ప్రశ్నకు వాళ్లు ఒకే జవాబు చెప్పరు, పనిని బట్టి మూడు చెప్తారు. 2020 లెక్క ప్రకారం కూర్చుని పనిచేసే మగమనిషికి 2,110, మధ్యరకం పనికి 2,710, బరువు పనికి 3,470. ఆడవాళ్లకు 1,660, 2,130, 2,720.

మణికట్టు మీద కనిపించే కేలరీ ఇంత జాగ్రత్తగా పుట్టదు. వయసు, బరువు, ఎత్తు, గుండె వేగం, చేతి ఊపు, వీటిని ఒక సూత్రంలో వేసి ఊహిస్తారు. 2017లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు ఏడు పరికరాలను పరీక్షించారు. గుండె వేగం విషయంలో ఆరు పరికరాలు 5 శాతం లోపు తేడాతో సరిగ్గానే చెప్పాయి. కేలరీల దగ్గరికొచ్చేసరికి అన్నిటికంటే మెరుగైనది 27 శాతం తప్పింది, అన్నిటికంటే అధ్వానమైనది 93 శాతం. ఇంత కరిగించాం కదా అని ఆ అంకెను చూసి ఇంకో ప్లేటు మిర్చీ బజ్జీ తెప్పించుకుంటే లెక్క తేలేది నడుము దగ్గర.

*

గుండె లెక్కకు ఇంకా పాత చరిత్ర ఉంది. మన వైద్యులు నాడిని వేగంతో కాదు, నడకతో గుర్తుపట్టేవాళ్లు. శార్ఙ్గధర సంహితలో వాతనాడి పాములా, పిత్తనాడి కప్పలా, కఫనాడి హంసలా నడుస్తుందని పోలికలున్నాయి. తెలుగునాట వైద్యులు నమ్ముకున్న బసవరాజీయంలోనూ నాడీ పరీక్షకు పెద్ద పీటే. ఇంగ్లండ్‌లో జాన్ ఫ్లోయర్ 1707లో ఒక నిమిషం పాటు నడిచే గడియారంతో నాడిని లెక్కపెట్టడం గురించి పుస్తకం రాశాడు. అప్పటి నుంచి హంస పోయి అంకె వచ్చింది.

ఆ అంకెను చూడాలా వద్దా అని ప్రపంచమంతా వాదించుకున్న చోటు హైదరాబాద్. క్లోరోఫాం ఇచ్చినప్పుడు రోగులు కొందరు బల్ల మీదే చనిపోయేవాళ్లు. ముందు ఆగేది గుండెనా, ఊపిరా? రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఊపిరే అన్నాడు. కాబట్టి నాడిని పట్టించుకోకండి, శ్వాసను చూడండి అన్నాడు. 1888లో మొదటి కమిషన్ అదే తేల్చింది. లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం వెయ్యి పౌండ్లిచ్చి లండన్ నిపుణుణ్ణి పంపమంది. లాడర్ బ్రంటన్ వచ్చాడు. 1889లో రెండో కమిషన్ కుక్కలు, కోతులు వంటి వందలాది జంతువులపై ప్రయోగాలు చేసి మళ్లీ లారీ మాటే నిజమంది.

1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో వేరే సంగతి తేలింది. క్లోరోఫాం తక్కువ మోతాదులో ఉన్నప్పుడు కూడా గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోగలదు. హైదరాబాద్‌లో అన్ని ప్రయోగాలు చేసినా ఆ రకం చావు వాళ్ల కంట పడలేదు. శ్వాసను చూడమన్న సలహా మంచిదే, దానివల్ల ప్రాణాలు నిలిచి ఉంటాయి కూడా. నాడిని వదిలేయమన్న సగమే తప్పు. ఒక అంకెను నమ్ముకుని రెండోదాని నుంచి కళ్లు తిప్పుకోవడం ఎంత ప్రమాదమో, అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి నగరం ప్రపంచానికి నేర్పిన పాఠం ఇది.

ఇప్పటి బ్యాండ్ వెనక మిణుకుమనే ఆకుపచ్చ వెలుతురుకు మూలం 1937లో ఆల్రిక్ హెర్ట్జ్‌మన్ చేసిన పని. చర్మం మీద వెలుగు వేస్తే, రక్తం పొంగినప్పుడల్లా తిరిగొచ్చే వెలుగు మారుతుంది. ఆ మార్పును లెక్కపెడితే గుండె వేగం. పట్టీ వదులైతే, పచ్చబొట్టు ఉంటే, చెయ్యి బాగా ఊగుతుంటే లెక్క తప్పుతుంది. ఆక్సిజన్ కొలతకు ఇంకో చిక్కుంది. 2020 డిసెంబర్‌లో అమెరికాలో వచ్చిన పరిశోధన ప్రకారం, ఆస్పత్రుల్లో వేలికి పెట్టే ఆక్సీమీటర్లు కూడా నల్లజాతి రోగుల్లో ఆక్సిజన్ పడిపోవడాన్ని తెల్లవాళ్లతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు ఎక్కువసార్లు పసిగట్టలేకపోయాయి. ఎండలో పనిచేసి నల్లబడ్డ మన చేతులకు ఈ సంగతి దూరపుది కాదు.

*

బోధన్ వాళ్లకు ఇంకో మాట చెప్పాలి. 1931లో నిజాంసాగర్ పూర్తయింది, నీళ్లొచ్చాయి, చెరకు వచ్చింది, 1937-38 నాటికి శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేచింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. 2015 డిసెంబర్‌లో అది మూతపడింది. ఇప్పుడు అదే ఊళ్లలో షుగర్ అంటే మొదట గుర్తొచ్చేది జబ్బు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని అంచనా వేసింది. సూది గుచ్చకుండా షుగర్ చూపిస్తామనే వాచీలు కూడా అమ్ముతున్నారు. అలా కొలవగల వాచీ దేన్నీ తాము ఆమోదించలేదని 2024 ఫిబ్రవరిలో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఆ అంకెను నమ్మి ఇన్సులిన్ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఈ ఒక్క విషయంలో బేరమే లేదు, కొనకండి.

మిగతావాటికి మీ అవసరమే కొలబద్ద. నడక అలవాటు చేసుకోవాలంతే అనుకుంటే రెండు వేల లోపు బ్యాండ్ చాలు. జేబులో ఫోన్ పెట్టుకుని నడిచేవాళ్లకు అదీ అక్కర్లేదు, ఫోనే లెక్కపెడుతుంది. రోడ్డు మీద పరిగెత్తేవాళ్లకు సొంత జీపీఎస్ ఉన్న వాచీ కావాలి. గుండె లయ తప్పుతోందని డాక్టర్ అనుమానిస్తే ఈసీజీ తీసే వాచీ పనికొస్తుంది. అయితే అది గుండెపోటును పట్టుకోలేదు. ఛాతీలో నొప్పి వస్తే వాచీ చూసుకుంటూ కూర్చోకూడదు, ఆస్పత్రికి పోవాలి. పొలం పనివాళ్లయితే నీళ్లు, మట్టి తట్టుకునేదా అని ముందు చూడాలి.

కొనేముందు పరికరాన్ని మూడు ప్రశ్నలు అడగండి. నాకు కావాల్సిన అంకె ఏది? దాన్ని నువ్వు కొలుస్తున్నావా, ఊహిస్తున్నావా? నాతోపాటు ఇంకెవరు చూస్తున్నారు? మూడోదాన్ని చాలామంది అడగరు. 2007లో మొదలైన ఫిట్‌బిట్ 2021లో గూగుల్ చేతికి వెళ్లింది. అంటే అప్పటిదాకా ఒక చిన్న కంపెనీని నమ్మి కట్టుకున్న బ్యాండ్‌కు యజమాని మారాడు. ఆఫీసు వాళ్లు, బీమా వాళ్లు బ్యాండ్ ఉచితంగా ఇస్తామన్నప్పుడు కూడా ఈ ప్రశ్నే అడగాలి. యాప్‌లో లొకేషన్ ఎవరికి కనిపిస్తుందో చూసి మూసుకోవడం అయిదు నిమిషాల పని.

ఒకప్పుడు కట్నాల జాబితాలో సైకిలు, రేడియో పక్కన హెచ్‌ఎంటీ వాచీ ఉండేది. తర్వాత దుబాయ్ నుంచి వచ్చినవాళ్లు చేతికి మెరిసే వాచీలు పెట్టుకొచ్చారు. ఆ వాచీలు పెట్టుకున్నవాడికి టైం చెప్పి ఊరుకునేవి. ఇప్పటిది పెట్టుకున్నవాడి గురించి ఇంకొకరికి చెప్తుంది. కొనండి, తప్పులేదు. నైన్ సింగ్‌లా పూసను మీరే జరుపుతున్నారా, ఎవరి పటం కోసం జరుపుతున్నారు అన్నది మాత్రం తెలుసుకుని కొనండి.