సపేలో హవేలీలో ఒక బిలాలి

అమెరికాలో జార్జియా తీరాన సపేలో అని ఒక దీవి. దాని దక్షిణపు కొసన 1810 ప్రాంతంలో థామస్ స్పాల్డింగ్ అనే జమీందారు హవేలీ కట్టించుకున్నాడు. పత్తి, చెరకు తోటలు. వాటిలో వందలాది గులాములు.

ఆ హవేలీ గోడలు ఇటుకవి కావు. ఆల్చిప్పలు కాల్చి సున్నం చేసి, అందులో ఇసుక, నీళ్ళు, కాల్చని చిప్పలు సమపాళ్ళలో కలిపి, చెక్క అచ్చుల్లో పోసి కూరేవారు. గట్టిపడ్డాక దానిమీద ఇంకో వరస. ‘ట్యాబీ’ అంటారు. మన డంగు సున్నానికి దూరపు చుట్టం అనుకోండి. తుఫాన్లకు ఆగాలని ఇల్లు పొట్టిగా, గోడలు మందంగా కట్టారు. ఆ చిప్పలు మోసిన చేతులు ఎవరివో వేరే చెప్పాలా!

ఆ గులాములపై మేస్త్రీ బిలాలి ముహమ్మద్. పశ్చిమాఫ్రికాలోని ఫూతా జల్లోన్ మనిషి. బహామా దీవుల మీదుగా ఇక్కడికి అమ్ముడయ్యాడు. తాను గులామే, తోటి గులాములపై అజమాయిషీ కూడా తనదే. ఈ సంగతి దాచి ఆయన్ని వలీని చేసి చెప్తే నాకు నచ్చదు. నమాజు, తస్బీహ్ మాత్రం వదల్లేదు. అరబ్బీలో 13 పేజీల కితాబ్ రాసి పోయాడు. చాలాకాలం దాన్ని డైరీ అనుకున్నారు. తీరా చదివితే వజూ, అజాన్, నమాజుల మసాయిల్! చిన్నప్పుడు మదర్సాలో చదివిన మాలికీ ఫిఖ్‌హ్‌ని యాద్ చేసుకుని రాసిందన్నమాట.

అంతర్యుద్ధం తర్వాత హవేలీ పాడుబడింది. 1920లలో కార్ల వ్యాపారి కాఫిన్ తిరిగి కట్టించాడు. 1934లో సిగరెట్ల ఖాన్‌దాన్ వారసుడు రేనాల్డ్స్ కొన్నాడు. ఇప్పుడది ‘రేనాల్డ్స్ మ్యాన్షన్’. కట్టినవాళ్ళ ఔలాద్ కొందరు అదే దీవిలో హాగ్ హమ్మాక్ అనే చిన్న బస్తీలో ఉన్నారు.

1930లలో ఆ దీవి ముసలివాళ్ళు తమ నానీ, దాదీల ముచ్చట్లు చెప్పారు. రాత్రంతా బియ్యం నానబెట్టి, రోట్లో దంచి, తేనె కలిపి బిళ్ళలు చేసేవారట. అచ్చం మన చలిమిడే. వాటి పేరు ‘సరాకా’. అది చదివి నేను కాసేపు కితాబ్ మూసేశాను. సదఖా! మా దాదీ కూడా ‘సద్ఖా’ అనే పలికేది, పిల్లల చేతుల్లో మీఠా పెట్టి. అక్కడ ఒక దాదీ పిల్లలందరినీ బల్ల చుట్టూ నిలబెట్టి ‘ఆమీన్, ఆమీన్, ఆమీన్’ అనేదట. ఆ తర్వాతే తినేవారు.