తాళపత్రాల పెట్టెలో వసకొమ్ము: గ్రంథరక్షణలో కీటక నివారణ

తాటాకుపై గంటంతో చెక్కిన అక్షరానికి సిరా వెలిసిపోతుందన్న భయం లేదు. దాని ప్రధాన శత్రువు కీటకం. గాస్ట్రాలస్ ఇండికస్ అనే చిన్న పెంకుపురుగు డింభకదశలో కట్టను ఆకు నుంచి ఆకుకు తొలుచుకుపోతుంది. ఒక్క రంధ్రం వరుసగా అనేక పత్రాలలో ఇంచుమించు ఒకే చోటి అక్షరాలను హరిస్తుంది. తెలుగు పరిష్కర్తలు 'గ్రంథపాతము' అని గుర్తించి విడిచిన ఖాళీలలో కొన్నింటికి కర్త ఈ పురుగే.

నాయకరాజుల కాలపు తెలుగు కావ్య, యక్షగాన ప్రతులకు ముఖ్యనిలయమైన తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలో దీనికి సంప్రదాయసిద్ధమైన విరుగుడు ఉంది. వసకొమ్ము, నల్లజీలకర్ర, లవంగాలు, మిరియాలు, దాల్చినచెక్క దంచి, కర్పూరం కలిపి, చిన్న గుడ్డమూటలుగా కట్టి ప్రతుల నడుమ ఉంచుతారు. ఎండి పెళుసెక్కిన ఆకులకు నిమ్మగడ్డి నూనె పూయడం మరొక పద్ధతి. అది ఆకుకు మెత్తదనాన్నిస్తుంది, ఘాటైన వాసనతో పురుగును దూరంగా ఉంచుతుంది. అయితే ఆ వాసన నిలిచేది కొంతకాలమే. మూటను మార్చే చెయ్యి ఆగితే రక్షణా ఆగుతుంది.

ఇరవయ్యో శతాబ్దంలో గ్రంథాలయాల బీరువాలలోకి కలరా ఉండలు (నాఫ్తలీన్), పారాడైక్లోరోబెంజీన్ ప్రవేశించాయి. మూసిన పెట్టెలో విషవాయువు పట్టించే పద్ధతీ వ్యాపించింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తరువాతి కాలంలో ఆ రెండు పదార్థాలనూ మానవులకు క్యాన్సర్ కలిగించే అవకాశమున్న వర్గంలో చేర్చింది. గాలి ఆడని గదులలో ఏళ్ల తరబడి ప్రతులు చూసే పండితులూ, వాటిని తీసి అందించే సిబ్బందీ పీల్చినది ఆ గాలినే.

ఇంతమాత్రాన సంప్రదాయ పద్ధతులు నిరపాయకరమనుకోవడం సరికాదు. వసకొమ్ములోని బీటా-అసరోన్ కారణంగా అమెరికా 1968లో దానిని ఆహారంలో వాడడాన్ని నిషేధించింది. కాగితపు ప్రతులకు పూర్వులు పూసిన హరితాళం సాక్షాత్తూ ఆర్సెనిక్ సమ్మేళనం. ప్రకృతిలో దొరికేదే, కానీ విషం. కనుక 'సహజం', 'రసాయనం' అన్న విభజన ఇక్కడ అంతగా అక్కరకు రాదు. పనిని బట్టి విభజించడమే మేలు. వస వాసన పురుగును రానీయకుండా చూస్తుంది కాని, ఆకులో దూరిన డింభకాన్ని చంపలేదు. విషవాయువు లోపలి పురుగును చంపుతుంది కాని, పెట్టె తెరిచిన మర్నాటి నుంచి కట్టకు ఏ రక్షణా ఇవ్వదు. నిత్యరక్షణకు వసకొమ్మును ఎంచుకోవడం ఈ దృష్టితో సమంజసం. పురుగు పట్టిన కట్టకు మాత్రం వేరే చికిత్స కావాలి. ప్రాణవాయువును తొలగించి నైట్రోజన్ నింపే పద్ధతి అందుకు నేడు అందుబాటులో ఉంది.

చీకటిలో, కదలిక లేని చోట ఈ పురుగు వృద్ధి చెందుతుంది. పారాయణ కోసం తరచు విప్పే కట్టకు చదువరి చెయ్యే తొలి కాపలా. దసరాల్లో సరస్వతీపూజకు పెట్టే పుస్తకం ఏడాదికొకసారైనా తన మూల విడిచి వెలుగులోకి వచ్చేది. పందొమ్మిదో శతాబ్దంలో అచ్చుపుస్తకం ఇంటింటికీ చేరనారంభించాక తాటాకు కట్టను విప్పే పని తగ్గింది. అటకపై ఉన్న ఆ కట్టలో వసకొమ్ము మార్చే పనీ దానితోపాటే తగ్గింది.