విప్పుడు, బిగించుడు: ఏడెన్‌లో పుట్టిన పుస్తకం

ఈ జుమా ముచ్చట కొంచెం పొడుగు. చాయ్ పెట్టుకుని చదవండి.

మా సైట్ ఆఫీసులో ఇంగ్లండు ఇంజనీరు ఒకాయన ఉన్నాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి. ఆయన టేబుల్ మీద డ్రాయింగుల కింద ఎప్పుడూ ఒక పాత పుస్తకం ఉంటది. అట్టకు గ్రీజు మరకలు, లోపల పేజీలకు నల్లటి వేలిముద్రలు. కాంక్రీటు పుస్తకమేమో అనుకున్నా. ఒకరోజు "చూడొచ్చా సార్" అని అడిగి తెరిస్తే కారు రిపేర్ పుస్తకం! అట్ట మీద కారును కోసి లోపలి సామాను అంతా చూపించిన బొమ్మ ఉంది. ఆయనకు వాళ్ళ ఊళ్ళో అరవై ఏండ్ల కిందటి చిన్న స్పోర్ట్స్ కారు ఉందట. లీవుకు పోయినప్పుడల్లా దాన్ని విప్పుడు, బిగించుడు. అదే ఆయన పండుగ.

నాది తెలుగు మీడియం పదో తరగతి ఇంగ్లీషు. ఒక పేజీ చదవాలంటే పూట పడుతుంది. కానీ ఆ పుస్తకం నాకు సగానికి పైగా అర్థమైంది. ఎందుకంటే ప్రతి పనికీ ఫోటో ఉంది, ఫోటోకు నంబరు ఉంది, ఆ నంబరు పక్కన రెండు ముక్కలు రాసి ఉంది. చెయ్యి ఎక్కడ పెట్టాలి, పానా ఏ వైపు నుంచి దూర్చాలి అన్నీ కనిపిస్తున్నాయి. ఇంత ఓపికగా ఎవరు రాశారు సార్ అని అడిగితే ఆయన నవ్వి, "ఇది పుట్టింది ఇంగ్లండులో కాదు, ఈ ఎడారి దిక్కే, ఏడెన్‌లో" అన్నాడు. అప్పటినుంచి ఆ కథ వెనక పడి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నా.

ఏడెన్ అంటే యెమెన్‌లో రేవు పట్నం. 1937 దాకా అది ఇండియా సర్కారు కిందే ఉండేది. ఆ తర్వాత ఇంగ్లీషోళ్ళు నేరుగా ఏలుకున్నారు. ధీరూభాయ్ అంబానీ కుర్రతనంలో నౌకరీ చేసింది ఆ ఊళ్ళోనే. 1960ల నడుమ అక్కడ ఇంగ్లీషు ప్రభుత్వం మీద తిరుగుబాటు నడుస్తోంది, బాంబులు పడుతున్నాయి. అదే సమయంలో జాన్ హేన్స్ అనే వైమానిక దళం ఆఫీసరు అక్కడ డ్యూటీలో ఉన్నాడు.

ఈ హేన్స్ 1938లో సిలోన్‌లో, అంటే ఇప్పటి శ్రీలంకలో పుట్టాడు. తండ్రి తేయాకు తోట మేనేజరు. చదువుకు ఇంగ్లండు బోర్డింగ్ స్కూలుకు పంపిస్తే, అక్కడ రగ్బీ ఆట తప్పించుకోవడానికి మాస్టారును బతిమాలి, ఒక పాత ఆస్టిన్ సెవెన్ కారు కొని దాన్ని చిన్న స్పోర్ట్స్ కారుగా మార్చాడు. మంచి లాభానికి అమ్మాడు కూడా. ఎట్లా చేశావని అడిగేవాళ్ళు ఎక్కువయ్యేసరికి 1956లో చిన్న పుస్తకం అచ్చు వేసుకున్నాడు. 250 కాపీలు, పది రోజుల్లో అయిపోయాయి. అప్పటికి వయసు పద్దెనిమిది. మన పిల్లలు ఆ వయసులో ఏజెంటుకు డబ్బులు కట్టి వీసా కోసం చూస్తుంటారు, అది వేరే ముచ్చట.

ఏడెన్‌లో తోటి ఆఫీసరు ఒకాయన పాత స్పోర్ట్స్ కారు కొన్నాడు. ఆస్టిన్ హీలీ స్ప్రైట్. కొన్నాక గానీ దాని హాలత్ తెలియలేదు. హేన్స్‌ను సాయం అడిగాడు. ఇద్దరూ కలిసి కంపెనీ మాన్యువల్ ముందు పెట్టుకుని కూర్చున్నారు. అది ఉపయోగపడలేదు. అందులో తప్పులున్నాయని కాదు. అది రాసింది డీలర్ షెడ్డులో ట్రైనింగ్ తీసుకున్న మెకానిక్ కోసం. వాడి దగ్గర స్పెషల్ టూల్స్ ఉంటాయి, లిఫ్ట్ ఉంటది, పక్కన ఉస్తాద్ ఉంటాడు. "ఫలానాది తీసేయండి" అని ఒక్క లైను రాస్తే వాడికి సరిపోతుంది. ఎండలో నేల మీద పడుకుని, నాలుగు పానాలు, ఒక జాకీతో పని చేసేవాడికి ఆ ఒక్క లైను వెనక పది లైన్లు కావాలి.

హేన్స్ ఏం చేశాడంటే, ఒక కెమెరా కొన్నాడు. ఇంజను దించి, ఒక్కో ముక్క విప్పుతుంటే ఫోటో. మళ్ళీ బిగిస్తుంటే ఫోటో. ఏ వరుసలో చెయ్యి నడిచిందో అదే వరుసలో రాత. 1966లో అది పుస్తకంగా వచ్చింది. మొదట వేసిన 3,000 కాపీలు మూడు నెలలు నిండకుండానే అమ్ముడుపోయాయి. తర్వాత ఆయన నౌకరీ వదిలేసి అదే పని పట్టుకున్నాడు. ఇప్పటికి ఆ కంపెనీ మాన్యువల్స్ ప్రపంచమంతా 20 కోట్లకు పైగా అమ్ముడుపోయాయంటారు.

ఇక ఆ కారు సంగతి చెప్పాలి. ఎందుకంటే కారు వేరేదైతే ఈ కథ ఇట్లా నడిచేది కాదు.

స్పోర్ట్స్ కారు అంటే మనకు ఇక్కడి రోడ్ల మీద షేకుల పిల్లలు తోలే ఫెరారీలు గుర్తొస్తాయి. స్ప్రైట్ ఆ రకం కాదు. 1958లో వచ్చింది. ధర పన్నుతో కలిపి 669 పౌండ్లు. ఇంజను 948 సీసీ, 43 హార్స్ పవర్, అంతే. డోరుకు బయట హ్యాండిల్ లేదు, చెయ్యి లోపలికి పెట్టి తీసుకోవాలి. డిక్కీకి మూత లేదు, సీట్లు ముందుకు వంచి వెనక సందులోంచి స్టెప్నీ లాగాలి. హెడ్‌లైట్లు మొదట లేచి పడుకునేలా అనుకున్నారు. ఖర్చు ఎక్కువని బానెట్ మీద అట్లే నిలబెట్టేశారు. దాంతో కప్ప కళ్ళలాగా కనిపించి, కప్పకళ్ళ స్ప్రైట్ అనే పేరే ఖాయమైంది. 1961 దాకా దాదాపు 49,000 కార్లు చేశారు.

ఇంత చవకగా ఎట్లా ఇచ్చారు? అన్నీ మామూలు కార్ల సామానే. ఇంజను, ముందు సస్పెన్షన్ ఆస్టిన్ ఏ35 అనే చిన్న ఫ్యామిలీ కారువి. స్టీరింగ్ మోరిస్ మైనర్‌ది. స్పేర్ పార్టు కోసం పెద్ద షోరూముకు పోనక్కర్లేదు, ఏ వీధి షెడ్డులోనైనా దొరికేది. ఆ బీఎంసీ కంపెనీ పద్ధతే అది. మన అంబాసిడర్ గుర్తుందా? అది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన బండి. చాలా ఏండ్లు అందులో పని చేసిన 1489 సీసీ ఇంజను, ఎంజీఏ అనే అందమైన స్పోర్ట్స్ కారులో పెట్టిన ఇంజను ఒక్క కుటుంబమే. పెండ్లికి పదిమందిని కుక్కుకుని మట్టి రోడ్డు మీద పోయిన మన ట్యాక్సీలో స్పోర్ట్స్ కారు అన్నదమ్ముడు ఉన్నాడన్న మాట.

ఆరేడేండ్లు వాడాక ఈ కార్లు సెకండ్ హ్యాండులో పడిపోయేవి. కొనేది జీతం తక్కువున్న కుర్రాళ్ళు. షెడ్డుకు ఇచ్చే స్తోమత లేదు. దానికి తోడు ఇంగ్లండులో 1960 నుంచి పాత కార్లకు పరీక్ష పెట్టారు, మన దగ్గర బండి పాసింగ్ లెక్క. మొదట పదేండ్లు దాటిన కార్లకే, 1967కి మూడేండ్లు దాటిన ప్రతి కారుకూ. బ్రేకు పట్టకపోతే ఫెయిల్, లైటు వెలగకపోతే ఫెయిల్. సోమవారం డ్యూటీకి కారు కావాలంటే శని, ఆదివారాలు దాని కింద పడుకోవలసిందే. సరదా అని రాస్తారు గానీ, ఎక్కువమందికి అది గతిలేని సరదా.

ఆ కాలంలోనే ఇంకో తమాషా నడిచింది. లోటస్ కంపెనీ 1957 నుంచి సెవెన్ అనే కారు అమ్మింది. తయారైన కారు కొంటే పన్ను వాచిపోయేది. ముక్కలుగా కొని ఇంట్లో బిగించుకుంటే ఆ పన్ను లేదు. అయితే బిగించే పద్ధతి రాసి ఇవ్వకూడదని రూలు. వాళ్ళు విప్పే పద్ధతి రాసి ఇచ్చారు. కొన్నవాడు ఆ కాగితం కింది నుంచి పైకి చదువుకుంటూ కారు కట్టుకోవాలి! 1973లో పన్ను లెక్క మారేదాకా ఈ దారి బాగానే నడిచింది.

కింది నుంచి పైకి చదువుడు అనేది వినడానికి తేలికే. నేను హెల్పర్‌గా ఉన్న రోజుల్లో ఒక డీవాటరింగ్ పంపు విప్పాను. ఎవరూ విప్పమనలేదు, తెలివి చూపిద్దామని నేనే విప్పాను. బిగించాక చూస్తే పల్చటి రేకు వాషర్లు రెండు నేల మీద మిగిలాయి. ఎక్కడివో గుర్తు రాలేదు. జేబులో వేసుకుని పంపు ఆన్ చేశా. గంట నడిచి పట్టేసింది. తెల్లారేసరికి ఫౌండేషన్ గుంత చెరువు. ఫోర్మన్ మలయాళంలో తిట్టిండు, హిందీలో తిట్టిండు, నేను నోరు మూసుకున్నా. అప్పుడు నా దగ్గర కెమెరా ఫోను లేదు. ఉన్నా ఫోటో తియ్యాలన్న ఆలోచన వచ్చేది కాదు.

స్ప్రైట్ ఇంజనులో వాల్వుల ముచ్చట చూడండి. నాలుగు సిలిండర్లు, ఎనిమిది వాల్వులు. ట్యాపెట్ గ్యాప్ పెట్టాలంటే ఆ వాల్వు పూర్తిగా మూసుకొని ఉండాలి. ఏది ఎప్పుడు మూసి ఉంటదో కొత్తవాడికి ఎట్లా తెలుస్తది? దానికి తొమ్మిది లెక్క ఉంది. ముందు నుంచి 1, 2 అని 8 దాకా నంబర్లు అనుకోవాలి. ఇంజనును చేత్తో తిప్పుతుంటే 8వ వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు 1వ దానికి గ్యాప్ పెట్టాలి. 6 తెరుచుకుంటే 3కి, 4 తెరుచుకుంటే 5కి, 2 తెరుచుకుంటే 7కి. రెండూ కూడితే తొమ్మిది రావాలి. గ్యాప్ అంగుళంలో వెయ్యో వంతులు 12, అంటే 0.3 మిల్లీమీటర్లు. గేజ్ రేకు సందులో కొంచెం పట్టి పట్టనట్టు జరగాలి. రెండో తరగతి కూడిక వచ్చిన ఎవరైనా చెయ్యగలరు. ఈ లెక్క తెలియనివాడు మాత్రం షెడ్డుకు డబ్బులు కట్టాల్సిందే.

ఇంజను తేలికైన భాగం. బానెట్, మడ్‌గార్డులు, లైట్లు కలిపి ముందు భాగం అంతా ఒక్క మూతలా పైకి లేస్తుంది కాబట్టి పని చెయ్యడానికి చోటు బాగుంటది. అసలు ప్రాణం తీసేది తుప్పు. ఇక్కడ నా మేస్త్రి బుర్రకు పని దొరికింది.

పాత కార్లకు కింద ఛాసిస్ అనే ఫ్రేమ్ వేరుగా ఉండేది. అంటే కాలమ్స్, బీమ్స్ ఉన్న బిల్డింగు. గోడ పోయినా బిల్డింగు నిలబడుతుంది. స్ప్రైట్‌కు వేరే ఫ్రేమ్ లేదు, బాడీ రేకులే బరువు మోస్తాయి. మన ఊళ్ళో పాత ఇండ్ల లెక్క, గోడలే ఆధారం. పైగా దానికి టాప్ లేదు, కాబట్టి పైన పట్టుకునేది కూడా ఏమీ లేదు. డోరు కింద పొడుగ్గా ఉండే రేకు పెట్టెలు రెండు, నడుమ గేరుబాక్సు మీద ఉండే సొరంగం, ఇవే బీమ్స్. వెనక స్ప్రింగులైతే ఇంకా విచిత్రం. పట్టీల ఒక కొస సీట్ల వెనక బాడీలో బిగించి ఉంటది, ఇంకో కొస గాల్లోకి వచ్చి యాక్సిల్‌ను మోస్తుంది. అచ్చం మన బాల్కనీ స్లాబు. కొస బిగించిన చోట తుప్పు పడితే బాల్కనీ ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు.

ఇంగ్లండులో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ నీళ్ళు ఈ పెట్టెల్లోకి పోయి లోపలినుంచి తింటాయి. పైన పెయింటు నున్నగానే ఉంటది, స్క్రూ డ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగిపోతుంది. అప్పుడు ఆ పెట్టె కోసి కొత్తది వెల్డింగ్ చెయ్యాలి. మా ఇంజనీరు మొదటిసారి కారును జాకీల మీద లేపి, రెండు పక్కలా ఒక్కసారే కోసేశాడట. నడుము కుంగింది. కుంగినట్టే వెల్డింగ్ చేశాడు. అంతే, డోరు మళ్ళీ మూసుకోలేదు. "కాలేజీలో స్ట్రక్చర్స్ చదివిన నేను ప్రాప్స్ పెట్టకుండా గోడ కొట్టేశా" అని ఆయనే చెప్పి నవ్వుతాడు. సరైన పద్ధతి మనకు తెలిసిందే. ముందు డోరు సందుకు అడ్డంగా ఇనుప పట్టీలు వెల్డింగ్ చేసి, కింద సమానంగా ఆనించి, ఒక పక్క కోసి, అది పూర్తయ్యాకే రెండో పక్క ముట్టుకోవాలి. మధ్యలో పదిసార్లు డోరు వేసి చూసుకోవాలి.

పూర్తిగా తినేసిన బాడీలకు కూడా తర్వాత దారి దొరికింది. ఎంజీబీ అనే స్పోర్ట్స్ కారు 1962 నుంచి 1980 దాకా వచ్చి ఆగిపోయింది. దాని బాడీ రేకులు వత్తిన పాత డైలు చాలావరకు పారెయ్యకుండా మిగిలాయి. 1988 నుంచి వాటితోనే కొత్త బాడీలు చేసి అమ్మడం మొదలుపెట్టారు. పాత ఇంజను, పాత సీట్లు, పాత చక్రాలు విప్పి కొత్త బాడీకి బిగించుకోవచ్చు. కారు పోయినా కారు ఉంటది.

1967 నవంబర్ 30న ఇంగ్లీషోళ్ళు ఏడెన్ ఖాళీ చేసి వెళ్ళిపోయారు. హేన్స్ ఇంగ్లండులో పుస్తకాల మీద పుస్తకాలు వేసి, కార్ల మ్యూజియం కట్టి, 2019లో పోయాడు. మరుసటి ఏడాది ఆ కంపెనీ, కొత్త మోడళ్ళకు ఇక కాగితం మాన్యువల్స్ వెయ్యమని చెప్పింది. ఇప్పటి బండికి కంప్యూటర్ పెట్టనిదే రోగం తెలియదు, దాన్ని విప్పేవాడూ తగ్గాడు.

మా దగ్గర మాత్రం ఒక పని నడుస్తోంది. హాయిస్ట్ గేరుబాక్సు గానీ, వైబ్రేటర్ గానీ, పంపు గానీ విప్పే ముందు మా పిల్లలు ఫోన్ తీస్తారు. ముక్క ముక్కకూ ఫోటో, పక్కన తెల్ల మార్కరుతో నంబరు. ఆ ఫోటోలు ఒక గ్రూపులో వేసి, కింద తెలుగులో, హిందీలో రెండు ముక్కలు రాసి పెడుతున్నాం. మొన్న ఒడిశా నుంచి వచ్చిన కొత్త పిల్లగాడు, నెల కూడా కాలేదు, ఆ ఫోటోలు చూసి పంపు సీలు ఒక్కడే మార్చాడు. వాషర్లు ఏమీ మిగల్లేదు, నేనే నేల మీద వంగి వెతికా.

మీ సైట్లలో ఇట్లాంటి ఫోటోలుంటే పంపండి, గ్రూపులో కలుపుతా. జనరేటరువి ముఖ్యంగా కావాలి.