ఎముక అంచున కనిపించే వేగం

1895 నవంబరులో రాంట్జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్న కొద్ది నెలలకే విరిగిన ఎముకను కోయకుండా చూడడం వైద్యులకు అలవాటైంది గాని, ఎముకలో పెరిగే కణితి ప్రాణాంతకమైనదా కాదా అని ఫిల్మును చూసి అంచనా వేయడం నేర్చుకోవడానికి దశాబ్దాలు పట్టింది. ఎముకలో పుట్టే క్యాన్సర్ అయిన సార్కోమా చాలా అరుదు కావడం వల్ల, ఎంత పేరున్న సర్జనైనా జీవితకాలంలో చూడగలిగిన కేసులు కొన్నే. ఆ కొద్దిపాటి అనుభవంతోనే కాలో చెయ్యో తీసివేయాలా అన్న నిర్ణయం జరిగిపోయేది.

చికిత్స పొందిన ప్రతి రోగినీ ఏళ్ల తరబడి గమనించి ఫలితం నమోదు చేయాలని పట్టుబట్టి తోటివారికి కంటగింపైన బోస్టన్ సర్జన్ ఎర్నెస్ట్ కాడ్మన్, 1920లో జేమ్స్ యూయింగ్, జోసెఫ్ బ్లడ్‌గుడ్‌లతో కలిసి ఎముక సార్కోమా రిజిస్ట్రీని ప్రారంభించి, చెల్లాచెదురుగా ఉన్న కేసుల వివరాలను ఒకచోట చేర్చారు. ఈ విద్యకు నిజమైన పునాది యంత్రం కన్నా ఈ సేకరణే అనడం న్యాయం.

కాడ్మన్ పేరుతో నిలిచిన త్రిభుజాన్ని అంతకుముందే జర్మన్ పాథాలజిస్టు రిబర్ట్ వర్ణించారు. కణితి ఎముకను చీల్చుకొని బయటికి వచ్చేటప్పుడు, ఎముకను కప్పి ఉండే పెరియాస్టియం అనే పలుచని పొర పైకి లేస్తుంది. లేచిన పొర కింద శరీరం కొత్త ఎముకను పేర్చబోతుంది గాని, కణితి వేగం ముందు నడుమ భాగం నిలవక, అంచున మాత్రం చిన్న త్రిభుజపు నీడ మిగులుతుంది. 1921లో యూయింగ్ వర్ణించిన, పిల్లల్లోనూ యువకుల్లోనూ ఎక్కువగా వచ్చే కణితిలో ఈ కొత్త ఎముక తరచు ఉల్లిపొరల్లా వరుసలు కడుతుంది. అయితే ఎముకకు చీము పట్టినప్పుడు కూడా ఇవే గుర్తులు కనిపించవచ్చు కనుక, వీటిలో ఏ ఒక్కదాన్నీ క్యాన్సర్‌కు తిరుగులేని సాక్ష్యంగా తీసుకోరాదు.

ఈ చిక్కును అమెరికన్ రేడియాలజిస్టు గ్విలిం లాడ్విక్ మరో వైపు నుంచి పరిశీలించారు. 1960లలోనే ఎముక కణితుల నిర్ధారణకు కంప్యూటర్‌ను వాడి చూసిన ఆయన, కణితి పేరు కన్నా ముందు దాని వేగాన్ని చదవాలని భావించి, 1980లో సహచరులతో కలిసి ఎముక నశించిన తీరును బట్టి శ్రేణులను ప్రకటించారు. నెమ్మదిగా పెరిగే కణితి చుట్టూ ఎముక గట్టి గోడ కట్టుకోగలదు. వేగం హెచ్చేకొద్దీ అంచు చెరిగిపోయి, చివరికి సన్నని రంధ్రాలు ఆరోగ్యమైన ఎముకలోకి ఎక్కడిదాకా పాకాయో గుర్తించలేనంతగా కలిసిపోతాయి. ఎముకలోని ఖనిజం సుమారు 30 నుంచి 50 శాతం కరిగితే తప్ప సాధారణ ఎక్స్‌రేలో లోపం కనబడదు కాబట్టి, మజ్జలో వ్యాప్తిని తెలుసుకోవడానికి ఎమ్మారై, కణితి రకాన్ని నిర్ధారించడానికి బయాప్సీ అవసరమవుతాయి. అయినా బయాప్సీ ఫలితాన్ని ఎక్స్‌రేతో సరిపోల్చనిదే పాథాలజిస్టులు సాధారణంగా తుది మాట చెప్పరు.