కోసిన కాయ, కొయ్యని కాయ

బొప్పాయి బొమ్మ వెయ్యమంటే చిన్నపిల్లలు పండును కొయ్యకుండానే లోపలి గింజలు కూడా వేసేస్తారు. అది తప్పని బడిలో దిద్దుతారు. రెండు వందల ఏళ్ల కిందట సామర్లకోటలో చిత్రకారులకు జీతమిచ్చి చేయించిన పని దాదాపు ఇదేనని తెలిసినప్పుడు కలిగే ఆనందం ఇంతా అంతా కాదు. స్కాట్లాండ్ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1781లో ఈస్టిండియా కంపెనీ కొలువులో అక్కడికి వచ్చాడు. ఒక తోట పెంచి, ఉత్తర సర్కారుల మొక్కల్ని మన చిత్రకారుల చేత వేయించాడు. 1787 తుఫానులో పుస్తకాలూ కాగితాలూ కొట్టుకుపోతే మళ్లీ మొదలుపెట్టాడు. 1793లో కలకత్తాలోని కంపెనీ తోటకు వెళ్లాడు. వేయించిన బొమ్మల్లో 300 ఏరి, వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణలో 1795 నుంచి లండన్‌లో మూడు సంపుటాలుగా అచ్చువేశారు. ఆ కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకంలో తునికి ఉంది, బురద నీళ్లను తేర్చే చిల్లగింజ ఉంది, కరక్కాయ ఉంది. ఒకే కాగితం మీద పైన కొమ్మా, ఆకూ, పువ్వూ ఉంటాయి. అడుగున రేకలు విడదీసిన పువ్వు, కోసిన కాయ, లోపలి గింజ ఉంటాయి. ఏ కన్నూ ఒకేసారి చూడలేనివన్నీ అక్కడ పక్కపక్కనే కనిపిస్తాయి. అలా గీయాలంటే కాయను చేతిలో తిప్పాలి, కత్తితో చీల్చాలి, గదులు లెక్కపెట్టాలి. తునికికి శాస్త్రీయ నామం పెట్టిన రాక్స్‌బర్గ్ పేరు ఆ నామం వెంట ఇప్పటికీ నడుస్తోంది. కాయ కోసి చూసి గీసినవాళ్ల పేర్లు మాత్రం ఆ పుస్తకంలో లేవు. మన చిత్రకళకు జరిగిన నష్టాల్లో దీన్ని చిన్నదని నేననుకోను.

ఏడెనిమిదేళ్ల లోపు పిల్లలు చూసింది కాదు, తెలిసింది గీస్తారు కాబట్టి, వాళ్లకు పరిశీలన నేర్పడం దండగని ఒక వాదన ఉంది. మొదటి సగం నిజమే. పిల్లల బొమ్మల మీద 1927లో పుస్తకం రాసిన ఫ్రెంచి పండితుడు లూకే చెప్పిందీ అదే. లోపలిదీ బయటిదీ కలిపి వేసే ఈ పద్ధతిని ఆయన పారదర్శకత అన్నాడు. కానీ తెలిసిందే గీస్తారంటే, తెలుసుకునే వీలు వాళ్లకు ఇంకా ఎక్కువ కల్పించాలి కదా! పరిశీలన అంటే పోలిక కుదరడం ఒక్కటే కాదు. జామకాయ కోసి చూపించాక అదే పిల్ల గింజల్ని చెల్లాచెదురుగా కాక నడిమి గుజ్జులో గుంపుగా పెట్టిందంటే, గీత వంకరైనా చూపు పనిచేసినట్టే.

రాక్స్‌బర్గ్ చిత్రకారుల తర్వాత బడి వేరే దారి పట్టింది. 1850లో అలెగ్జాండర్ హంటర్ మద్రాసులో కళాశాల పెట్టాడు. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఇంగ్లండులో సౌత్ కెన్సింగ్టన్ పద్ధతి రాజ్యమేలింది. దాని ప్రకారం ముందు అచ్చు బొమ్మల అంచులు చూసి దించాలి, అసలు వస్తువు దగ్గరికి ఆ తర్వాతే రావాలి. ఫ్రీహ్యాండ్ అవుట్‌లైన్, మోడల్ డ్రాయింగ్ అనే మాటలు నేటికీ మన డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షల్లో ఉన్నాయి. 1910లో మచిలీపట్నంలో కోపల్లె హనుమంతరావు, మిత్రులు తెరిచిన ఆంధ్ర జాతీయ కళాశాల ఇంకో దారి వెతికింది. బెంగాల్ నుంచి వచ్చిన ప్రమోద కుమార చటర్జీ అక్కడ చిత్రలేఖనం నేర్పాడు. అడివి బాపిరాజు అక్కడ నేర్చుకుని తర్వాత అక్కడే ప్రిన్సిపాల్ అయ్యాడు. అయితే ఆ వెలుగు పెద్ద విద్యార్థుల దగ్గరే ఆగింది. ఒకటో తరగతి గోడ మీద అచ్చు ఆపిల్ అలాగే ఉండిపోయింది.

అనుకరణ లేకుండా ఏ విద్య వచ్చిందని అడగవచ్చు. మచిలీపట్నానికి దగ్గర్లోని కూచిపూడిలో పిల్లలు గురువుగారిని చూసి చేస్తూనే కదా నేర్చుకునేది! నిజమే. కానీ అక్కడ ఎదురుగా ఉండేది కదిలే మనిషి, కాగితం మీది అంచు కాదు. చెయ్యి వెళ్లినచోటికి చూపు వెళ్లాలని నాట్యంలో చెబుతారు. చిత్రంలో అది తిరగబడుతుంది, చూపు వెళ్లినచోటికి చెయ్యి వెళ్లాలి. చూపుకు వస్తువే దొరక్కపోతే చెయ్యి ఎక్కడికి వెళ్తుంది? పెడన కలంకారీలోనూ అచ్చు పాతదే అయినా పని వస్తువుతోనే. బట్టను కరక్కాయ ద్రావణంలో నానబెడతారు. తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ నీళ్లలో పులియబెట్టి తీసిన ద్రావణం ఆ వగరుకు తగిలినచోట నల్లగీత పుడుతుంది. ఆ గీతలో సగం కాయదే. రాక్స్‌బర్గ్ వేయించిన ఆ కరక్కాయను పెడన పిల్లల చేతికిచ్చి గీయించే డ్రాయింగ్ పీరియడ్ ఉండాల్సింది.

తరగతిలో యాభైమందికి యాభై పండ్లు ఎక్కడివన్నది చివరి అభ్యంతరం. ఒకటి చాలు. కృష్ణా డెల్టాలో తాటిపండ్లు రాలే భాద్రపదంలో బడులు తెరిచే ఉంటాయి. పండును బల్లమీద పెడితే ఒక వరుసకు ముచ్చిక కనిపిస్తుంది, ఇంకో వరుసకు నున్నటి నల్లని బుగ్గ కనిపిస్తుంది. కాబట్టి ఏ ఇద్దరి బొమ్మా ఒకటి కాదు, పక్కవాడిది దించే అవసరమూ రాదు. లోపల టెంకలు ఎన్నో ముందే ఊహించి వెయ్యమనాలి. రెండు వేసినవాళ్లుంటారు, మూడు వేసినవాళ్లుంటారు. అప్పుడు పీచు చీల్చి లెక్కపెట్టే పని వాళ్లకే అప్పగించి, రెండో కాగితం ఇవ్వాలి.