పిట్ట ముట్టిన దృశ్యం

మన సినిమాల్లో విస్తరి ముందు మౌనం అరుదు. 1957 నాటి 'మాయాబజార్'లో ఘటోత్కచుడు వివాహభోజనానికి కూర్చున్నా పాట ఉండవలసిందే. అది లోపమని నేననను, ఎస్.వి. రంగారావు ఆ వంటకాలను చూసి పొంగిపోతుంటే మాటలు వద్దనేవాడెవడు? అయితే మాట ఆగిపోయి తిండి ఒక్కటే మిగిలే ముగింపు కోసం తెలుగు ప్రేక్షకుడు చాలాకాలమే ఎదురుచూడవలసి వచ్చింది.

2023 మార్చి 3న 'బలగం' వచ్చింది. దర్శకుడు వేణు ఎల్దండి సిరిసిల్లవాడు. చిత్రీకరణ కూడా ఆ చుట్టుపక్కల పల్లెల్లోనే జరిగింది. దాన్ని చావు గురించిన సినిమాగా అందరూ చెప్పుకున్నారు. నాకు మాత్రం అన్నం గురించిన సినిమాగా తోచింది. కథలోని కుటుంబం చీలిపోయింది ఒక నల్లి బొక్క దగ్గర. (కోస్తావారు మూలుగ బొమిక అంటారు.) బంతిలో అల్లుడికి ఆ ముక్క పడలేదు, బావమరిది ఒక మాట జారాడు, ఇరవై ఏళ్ళపాటు ఆడబిడ్డ పుట్టింటి గడప తొక్కలేదు. నవ్వులాటగా కనిపించే కారణమే. కానీ విందులో వడ్డన మర్యాదకు కొలత అయిన చోట ముక్క ఎవరికి పడిందన్నది చిన్న విషయం కాదు.

పిండాన్ని కాకి ముట్టడం తెలుగునాట అంతటా ఉన్న ఆచారమే. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల వైపు పల్లెల్లో 'పిట్టకు పెట్టుడు' అంటే ఉత్త అన్నపు ముద్ద కాదు. పోయిన మనిషి బతికుండగా ఇష్టపడినవన్నీ, మాంసమూ కల్లూ సహా, ఆకులో చేరుతాయి. తరువాత అందరూ దూరంగా జరిగి నిలబడతారు. సినిమాలో కొమురయ్యకు పెట్టినది మూడో నాడు పిట్ట ముట్టలేదు, అయిదో నాడూ ముట్టలేదు. ఊరంతా అదే మాట.

ఈ ప్రాంతం పేరెత్తగానే 1978 సెప్టెంబరు 7 నాటి జగిత్యాల జైత్రయాత్ర, దరిమిలా జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం చరిత్ర చదివినవారికి గుర్తుకొస్తాయి. నినాదం, పాట, ఉపన్యాసం... ఈ నేల మనకు తెలిసింది వీటితోనే. ఇంకొక చరిత్ర అంత చప్పుడు చేయలేదు. సిరిసిల్ల నేతగాళ్ళు భివండి మగ్గాలకు, కోరుట్ల, జగిత్యాల పల్లెల మగవాళ్ళు దుబాయి, మస్కట్లకు తరలిపోయారు. తండ్రి పదకొండో నాటికి అందుకోలేని కొడుకులు ఇక్కడ ఎన్ని ఇళ్ళలోనో ఉన్నారు. బలగం కూడి నిలబడటమనే దృశ్యానికి ఇక్కడున్న బరువు అందువల్లనే.

1996లో స్టాన్లీ టుచ్చి, క్యాంప్‌బెల్ స్కాట్ కలిసి తీసిన 'బిగ్ నైట్' ముగింపు చూసినవారికి ఈ పోలిక తట్టే ఉంటుంది. అమెరికాలో హోటలు నడిపే ఇద్దరు ఇటలీ అన్నదమ్ములు పెద్ద విందు చేసి, ఆ రాత్రే అనరాని మాటలు అనుకుంటారు. తెల్లవారి తమ్ముడు గుడ్లు కొట్టి అట్టు వేస్తాడు. అన్న వస్తాడు. పక్కపక్కన కూర్చుని తింటారు, ఒకరి భుజంపై ఒకరు చేయి వేసుకుంటారు. సుమారు అయిదు నిమిషాల ఆ ఒక్క షాటులో కెమెరా దాదాపు కదలదు. క్షమాపణ అనే మాట ఎవరి నోటా రాదు.

'బలగం' ముగింపు అంత నిశ్శబ్దమైనది కాదని మీరనవచ్చు, నిజమే. పదకొండో నాడు కొమురమ్మ, మొగిలయ్య పాడిన బుడగ జంగాల పాటే అందరినీ ఏడిపించింది. మొగిలయ్య 2024 డిసెంబరు 19న కన్నుమూసినప్పుడు జనం తలుచుకున్నదీ ఆ పాటనే. కానీ పాట తోబుట్టువులను కలిపింది, అంతవరకే. కొమురయ్య సమాధానపడ్డాడని వాళ్ళకు చెప్పవలసింది కాకి. అది వచ్చి ఆకులో ముక్కు పెట్టడమే దాని జవాబు. మాటతో పోయిన బంతిభోజనాన్ని మాటరాని ప్రాణి తిరిగి మొదలుపెట్టింది.

ఆ వేసవిలో తెలంగాణ పల్లెల్లో ఆరుబయట తెరలు కట్టి ఈ సినిమా వేశారు. అక్కడ నేలమీద కూర్చున్న జనంలో ఎప్పుడో ఒకప్పుడు పిట్ట కోసం చెట్లవంక చూస్తూ నిలబడనివారు తక్కువ. ఆ కాకి ఏమిటో వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.